ఉక్కపోస్తే గోడనే తిట్టండి

రోహిణి కార్తె వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి ఇల్లు నచ్చదు. అదే గదిలో, అదే ఫ్యాను కింద ఇంకొకరు గుర్రుపెట్టి నిద్రపోతూనే ఉంటారు. ఆ నచ్చని మనిషి కోసమే ఈ సలహాలు. నిద్రపోయే మనిషికి సలహాలతో పనిలేదు.

మొట్టమొదట ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: తప్పు మీలో లేదు, ఇంట్లోనే ఉంది. బ్యాంకు అప్పు, పెళ్లికెదిగిన పిల్ల, పొలం గట్టు దగ్గర తమ్ముడితో పడ్డ తగువు, వీటివల్ల కూడా గది ఉక్కగా, చీకటిగా అనిపించవచ్చని ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. కారణం గోడ. గోడ ఎదురు చెప్పదు, అలగదు, పుట్టింటికి వెళ్లిపోదు. తిట్టడానికి అంతకంటే అనుకూలమైనది ఇంట్లో ఇంకొకటి లేదు.

కొత్తింట్లో చేరిన కొన్నాళ్లకే మనసు బాగోలేదనిపిస్తే ఆలస్యం చేయకుండా వాస్తు సిద్ధాంతిని పిలవండి. ఆయన బండి దిగి, గుమ్మంలోనే నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి చూసి, "నైరుతిలో కిటికీ ఎవుడు పెట్టమన్నాడు బావూ?" అంటాడు. అప్పటిదాకా నైరుతి ఎటుందో మీకు తెలియదు. ఆ రాత్రి నుంచి ఆ మూల మిమ్మల్నే చూస్తున్నట్టుంటుంది. మర్నాడే మేస్త్రీని పిలిచి ఇటుకలతో మూయించండి. మన తీరంలో వేసవి సాయంత్రం గాలి దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వస్తుందని అరుగు మీద కూర్చునే ముసలాళ్లందరికీ తెలుసు. వాళ్లను అడగొద్దు. గాలి ఆగిపోయాక మీ చిరాకుకు మొదటిసారి గట్టి ఆధారం దొరుకుతుంది. నిన్నటిదాకా అది ఉత్త చిరాకు, ఇప్పుడు చెమట పట్టిన చిరాకు. సిద్ధాంతి మళ్లీ వస్తాడు. ఈసారి మెట్లు పడగొట్టించాలి.

పాత ఇళ్ల వైపు మాత్రం కన్నెత్తి చూడకండి. సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన చుట్టిళ్లు మరీ ప్రమాదం. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు, లోపలికి పోవాలంటే నడుం వంచాల్సినంత కిందికి దిగిన చూరు. గాలివానకు పట్టు దొరకడానికి గోడకు మూలలే ఉండవు. మందపాటి మట్టి పగటి వేడిని లోపలికి రానివ్వడానికి తాత్సారం చేస్తుంది. వేడిని పట్టి ఉంచుకోవడం తాటాకుకు చేతకాదు. ఇవన్నీ ఇంజనీరింగు కాలేజీకి వెళ్లకుండా కనిపెట్టిన సంగతులు కనుక పనికిరావు. గుమ్మంలో తల వంచి మరీ దూరే మనిషికి ఇంటిమీద దర్జాగా అలిగే వీలు కూడా ఉండదు.

టెక్కలి వైపు ఒక ఊళ్లో నేను చూసిన ఇల్లే అందరికీ ఆదర్శం. కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగు పని చేసి, తర్వాత మేస్త్రీ అయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పెంకుటిల్లు పీకించి రెండంతస్తుల స్లాబు వేయించాడు. మెట్లకు స్టీలు రెయిలింగు. హాలంతా గ్రానైటు. ఆ ఊరి పక్క కొండల్లో తవ్వే నీలం రాయి ప్రపంచమంతా పోతుంది కనుక తన ఇంట్లో మాత్రం ఎందుకుండకూడదని. తల్లి పడుకునే గదిలో ఏసీ. వెనక పెరట్లో పాత ఇంటి గుర్తుగా మూడు వైపులా తెరిచి ఉన్న పెంకుల పాక ఒకటి మిగిలింది, కట్టెలు పెట్టుకోవడానికి. రాత్రి పది దాటాక ఆవిడ దుప్పటీ, తాటాకు విసనకర్ర చంకన పెట్టుకుని ఆ పాకలోకి పోతుంది.

"లోన ఏసీ ఎట్టించాను కదమ్మా!" అంటాడు కొడుకు.

"ఉంటే ఉందిరా. ఆ తలుపేసుకుంటే నానెవుర్ని పలకరిస్తాను? దారమ్మట పోయేవోలు కనిపించరు. సల్లగుంటాది గానీ ఊపిరాడ్డం నేదు."

పెరటి గోడ పొట్టిది. దాని మీదుగా పక్కింటి అప్ప, ఎదురింటి చిన్నమ్మ, ఆఖరి బస్సు దిగి వచ్చేవాళ్లు, అందరూ ఆవిడ ఖాతాలో పడతారు. ఊరంతా వచ్చి మాట్లాడితే తప్ప నిద్రపట్టని మనిషి ఆవిడ. ఆవిడ వద్దన్న గదినే కోడలు నోరు తెరిచి అడిగింది. కోడలు నలుగురిలో నోరు విప్పాలంటే తడబడే పిల్ల. గడియ పెట్టుకోగలిగిన తలుపు తన పుట్టింట్లో కూడా ఎన్నడూ ఎరగదు. ఒకే గది, ఒకే ఏసీ. ఒకరికి ఊపిరాడదు, ఒకరికి అందులోనే ప్రాణం లేచొస్తుంది. దీన్నుంచి మీరు నేర్చుకోవలసింది: ఆవిడ ముసల్ది, ఆవిడకేం తెలుసు. టన్నున్నర ఏసీ తీసేసి రెండు టన్నులది పెట్టించండి. పెరటి గోడ ఎత్తు పెంచండి. ఇల్లు కట్టేముందు అందులో ఉండబోయే మనుషులు ఎలాంటివాళ్లో ఆలోచించడం మేస్త్రీ పని కాదు, ప్లాను గీసేవాడి పని అంతకన్నా కాదు.

ఇక చల్లదనం సంగతి. డెన్మార్కులో ఫాంగర్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు. గదిలో మనిషికి హాయి ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో లెక్కగట్టి 1970లో పుస్తకం వేశాడు. ప్రపంచంలోని ఏసీ భవనాలెన్నో ఆ లెక్కతోనే నడిచాయి. గాలి వేడి, గోడల నుంచి వచ్చే వేడి, తేమ, గాలి వేగం, ఒంటి మీది బట్టలు, చేసే పని, ఈ ఆరూ ఆయన సూత్రంలో ఉంటాయి. మనిషి స్వభావం ఉండదు. అలాగని ఆయనకు మనుషులు తెలియరనుకోకండి. అన్నీ సరిగ్గా కుదిరిన గదిలో కూడా నూటికి అయిదుగురు బాగోలేదనే అంటారని ఆయన లెక్కే ఒప్పుకుంటుంది. మన సలహా ఆ అయిదుగురికే అంకితం. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి కేంద్రం నిబంధన పెట్టింది. మీరు 18కి దించండి. తర్వాత రగ్గు కప్పుకోండి. కరెంటు బిల్లు వచ్చాక మళ్లీ ఒళ్లు వేడెక్కుతుంది కనుక ఏమీ వృథా పోదు.

కరెంటు అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. పడిపోయిన కొబ్బరిచెట్ల గురించీ, జీడితోటల గురించీ ఏడ్చినవాళ్లే గానీ ఫ్యాను తిరగడం లేదని ఏడ్చినవాళ్లు తక్కువ. అదే మామూలు రోజున మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే పేలి, పక్క వీధిలో టీవీ సీరియలు వినిపిస్తుంటే చూడండి, పావుగంటలో ప్రాణం పోతుంది. కాబట్టి ఉక్క ఎంతుందో తెలుసుకోవాలంటే థర్మామీటరు చూడనక్కర్లేదు. మేడ మీదికెక్కి పక్క వీధి చూడండి.

ఉక్క శాస్త్రమంతా ఒక్కచోటే చూడాలనుకుంటే మాత్రం పెళ్లివారి విడిదికి వెళ్లాలి. మగపెళ్లివారికి ఇచ్చిన గదిలో ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా ఉక్కే, ఎన్ని లైట్లు వేసినా చీకటే. పరుపు గట్టిది, కాఫీ పల్చన. పక్క వరండాలో చాప మీద, ఫ్యాను కూడా లేకుండా, పెళ్లికూతురి మేనమామ పొద్దున్నే లేచి అరటి ఆకులు తేవాలని హాయిగా నిద్రపోతుంటాడు. ఆయన ఒళ్లు వేరే మట్టితో చేసింది కాదు. ఆయనకు ఆ ఇంటిమీద ఫిర్యాదు చేసే హక్కు లేదు, అంతే.

అలాంటి విడిదిలో ఒక వియ్యంకుడుగారు మంచం దిగి వెళ్లి ఫ్యాను రెగ్యులేటరు మూడు మీదనుంచి అయిదుకు తిప్పడం చూశాను. ఆ రెగ్యులేటరు ఎప్పుడో కాలిపోయింది. ఇంటివాళ్లు వైరు డైరెక్టుగా కలిపేసి, గుండీని గోడకు అందం కోసం ఉంచేశారు. ఫ్యాను తన వేగాన తను తిరుగుతూనే ఉంది. ఆయన రెక్కల వైపు ఓ నిమిషం చూసి, "ఇప్పుడు పర్లేదు" అన్నాడు. తర్వాత కాసేపటికి ఆయన తమ్ముడు లేచి దాన్ని రెండుకు తగ్గించాడు. ఆయనకూ బాగానే ఉంది.

ఇదే సంగతిని డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు అమెరికన్లు ఎన్నో ప్రయోగాలు చేసి 1972లో పుస్తకంగా వేశారు. మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి, ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద చప్పుడు వినిపించారు. కొందరి చేతికి ఒక మీట ఇచ్చి, మరీ భరించలేకపోతే నొక్కండి, ఆగిపోతుందన్నారు. చాలామంది ఆ మీట ముట్టుకోనేలేదు. చప్పుడు మీట ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అంతే. అయినా ఆ తర్వాత ఇచ్చిన చిక్కు లెక్కల దగ్గర మీట చేతిలో ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఓపిక పట్టారు, ప్రూఫులు దిద్దడంలో తక్కువ తప్పులు చేశారు. వాడకపోయినా, వాడగలమన్న ధీమా ఒంటికి పట్టింది.

ఇంటి యజమానులకు ఇక్కడ నా సలహా స్పష్టం: మీట ఎవరికీ ఇవ్వకండి. ఏసీ రిమోటు తలగడ కింద పెట్టుకోండి. కిటికీ గడియకు తాళం వేయండి. కోడలు వంటింటి కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందనండి, మూస్తే పొగ పోవడం లేదనండి. పిల్లలు ఫ్యాను తగ్గిస్తే "మీకేం తెలుస్తుంది ఉక్క" అనండి. రిమోటు మీ చేతిలో ఉంటే ఇల్లు చాలా బాగుంటుంది. మీకు.

చప్పుడు గురించి రెండు ముక్కలు. మనస్తత్వం చదివినవాళ్లు మనిషి స్వభావాన్ని అయిదు కొలతలతో కొలుస్తారు. అందులో ఒకటి, ఊరికే కంగారుపడే గుణం. అది ఎక్కువున్నవాళ్లకు చప్పుడు భరించలేని బాధగా అనిపించడం ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. చెవి పెద్దదయి కాదు, లోపల ముందే ఒక చప్పుడు ఉండబట్టి. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదువుకున్నదీ సాధన చేసిందీ ఈ ఊళ్లోనే. తెల్లారగట్ల ఆయన సరళీ స్వరాలు పాడుతుంటే పక్కింటివాళ్లు ఏమనుకున్నారో చరిత్రకెక్కలేదు. ఒకాయన మంచంలోనే తల ఊపుకుంటూ ఉండి ఉండాలి, ఇంకొకాయన కిటికీ మూసుకుని ఉండి ఉండాలి. మీరు రెండో ఆయన్నే ఆదర్శంగా తీసుకోండి. పక్కింటి పిల్ల వీణ మీద వేలు పెట్టగానే గోడ మీద కొట్టండి. పైడితల్లమ్మ జాతరకు మీ సొంత వాకిట్లో కట్టించిన మైకు మాత్రం చప్పుడు కిందికి రాదు. మీరు పెట్టించుకున్నది కదా.

ఆఫీసులవాళ్లకు కూడా సలహా చెప్పకపోతే నొచ్చుకుంటారు. తలనొప్పి, గొంతు ఎండిపోవడం, కళ్ల మంట, నీరసం, సాయంత్రం బయటికి రాగానే తగ్గిపోవడం, ఇవన్నీ భవనం జబ్బులని పాశ్చాత్య దేశాల్లో ఓ పేరే ఉంది. లండన్‌లో ప్రభుత్వోద్యోగులు నాలుగు వేల మందికి పైగా, 44 భవనాల్లో పనిచేసేవాళ్లను పరిశీలించి 2006లో ఒక అధ్యయనం వెలువడింది. గదిలో గాలి, వేడి, దుమ్ము లెక్కలన్నీ తీసి చూస్తే, ఆ బాధలకూ భవనానికీ ఉన్న చుట్టరికం కంటే, ఆ బాధలకూ పని ఒత్తిడికీ, పనిచోట ఆసరా లేకపోవడానికీ ఉన్న చుట్టరికం దగ్గరిదని తేలింది. ఈ అధ్యయనం మన ఆఫీసుల దాకా రాకుండా చూడటం అధికారుల బాధ్యత. గుమాస్తా తలనొప్పి అంటే కర్టెన్లు మార్పించండి. ఇంకో గుమాస్తా అదే మాటంటే గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించి బిల్లు పెట్టండి. ముగ్గురి పని ఒకడు చేస్తున్నాడని, సెలవు అడిగితే ఫైలు మొహాన విసురుతున్నారని, పొరపాటున కూడా కాగితం మీద పెట్టకండి. రంగుకు బడ్జెట్ పద్దు ఉంది. మర్యాదకు లేదు.

ఇంతదాకా ఇంటిని తిట్టమన్నాను. ఇప్పుడు ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల వైపుకి వద్దాం. వాళ్లకు సలహా సరిగ్గా దీనికి ఎదురు: ఇంట్లో ఏ లోపమూ లేదు, లోపమంతా అద్దెకున్నవాడి మనసులో ఉంది. సొంతింట్లో ఉక్కపోస్తే గోడ తప్పు, అద్దింట్లో ఉక్కపోస్తే మనసు తప్పు. ఈ తేడా తెలియనివాడు ఇళ్ల వ్యాపారంలోకి రాకూడదు.

మీకు ఇందులో శాస్త్రం అండగా ఉంది, దాన్ని ఎలా వంకరగా చదవాలో చెబుతాను. హైదరాబాద్‌లో 2008లో ఇంద్రగంటి మాధవి అపార్ట్‌మెంట్లకు తిరిగి, ఏసీ లేకుండా ఫ్యాన్లూ కిటికీలతో బతికే వందమందికి పైగా మనుషుల్ని మళ్లీ మళ్లీ అడిగి, వాళ్లకు ఏ వేడి దగ్గర హాయిగా ఉందో లెక్క తీశారు. అప్పటి మన జాతీయ భవన ప్రమాణాలు 23 నుంచి 26 డిగ్రీలు అంటుంటే, వీళ్లు 26 నుంచి 32 దాటేదాకా పర్వాలేదన్నారు. ఇటో అటో కాకుండా సరిగ్గా ఉందన్నది 29 డిగ్రీల దగ్గర. చీరలు, లుంగీలు, పల్చటి బట్టలు, మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిచే కిటికీలు, బాల్కనీలోకి మార్చే మంచాలు, ఇలాంటివాటితో మనవాళ్లు నెట్టుకొస్తారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల దగ్గర ఆ అంకె ఇంకా పైకి, 30 దాటిపోయింది. బుర్ర ఉన్నవాడెవడైనా దీన్ని చదివి, భవనాలను గడ్డకట్టేంత చల్లబరచనక్కర్లేదు, ఫ్యానుకీ కిటికీకీ బాల్కనీకీ చోటిస్తే చాలునని అర్థం చేసుకుంటాడు. మీరు మాత్రం, పేదవాడికి ఉక్కపోయదని తేలింది కాబట్టి సిమెంటు రేకుల షెడ్డుకు ఫ్యాను కొక్కెం కూడా అనవసరమని చదువుకోండి. అలవాటుపడటం వేరు, ఇష్టపడటం వేరని గొణిగేవాణ్ణి అడ్వాన్సు తిరిగిచ్చి పంపేయండి. అడ్వాన్సులో సున్నాల ఖర్చు పట్టుకోవడం మర్చిపోకండి.

సున్నం అంటే, స్లాబు మీద తెల్లగా సున్నం కొట్టిస్తే పై గది వేడి తగ్గుతుందన్నది కొత్త సంగతేం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమని దీనికి ఏకంగా పుస్తకమే అచ్చేసింది. బస్తా సున్నం, రెండు కుంచెలు, ఒక పూట కూలి. ఇంత చవకైన పరిష్కారాన్ని మనసుకు సంబంధించిన విషయంలోకి తేవడం సభ్యత కాదు. ధ్యానం చేయమనండి.

వెలుతురు లేదంటాడా? అరసవల్లి చూపించండి. సాక్షాత్తూ సూర్యనారాయణస్వామి. ఆయన గర్భగుడిలోకే సూర్యకిరణాలు నేరుగా వచ్చి పాదాలు తాకేది మార్చిలో కొన్నాళ్లు, అక్టోబరులో కొన్నాళ్లు. ఆ పూట మబ్బేస్తే అదీ లేదు. స్వామికి లేని కిటికీ మూడు వేల అద్దెకు నీకెందుకు?

కిటికీ ఉండి దానికి ఎదురుగా గోడే కనిపిస్తోందన్నా బెదరకండి. అమెరికాలో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి 1984లో రాశాడు: పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించే మంచం దొరికినవాళ్లు ఇటుక గోడ చూస్తూ పడుకున్నవాళ్ల కంటే ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువ అడిగారు. చూశారా, చెట్టు కనిపిస్తే మనిషి త్వరగా ఖాళీ చేసి వెళ్లిపోతాడు. అద్దెలు నిలకడగా రావాలంటే ఇటుక గోడే క్షేమం. పెరట్లో వేపచెట్టుంటే ఆకులు రాలుతున్నాయని ఈ వారమే కొట్టించేయండి.

ఇంత చెప్పినా వైశాఖంలో ఒక మధ్యాహ్నం అద్దెకున్నాయన చెమటలు కక్కుతూ మీ గుమ్మం ముందుకు రానే వస్తాడు. మాధవిగారి అధ్యయనంలోనే మీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. సొంతింట్లో ఉన్నవాళ్లు అద్దెకున్నవాళ్ల కంటే కొంచెం ఎక్కువగా, ఈ వేడి మాకు సమ్మతమే అన్నారు. దాన్ని గుర్తుంచుకుని ఫ్యాను కింద నుంచి లేవకుండా మాట్లాడండి.

"రేకులు కాలిపోతన్నాయి బావూ. సంటిగుంటడికి ఒళ్లంతా పొక్కులు."

"నీకు అద్దిల్లనే బెంగ పట్టుకుందిరా. సొంతిల్లే అనుకో, సల్లగుంటాది."

"అలగనుకుంటే ఓ కిటికీ కొట్టించుకోవచ్చేటి?"

"సొంతిల్లయితే కొట్టించుకో. అద్దె మాత్రం అయిదో తారీకు దాటనీకు."